పాలలో పిసకని ఒబ్బట్టు

మా అత్తయ్య ఒబ్బట్టు తింటున్నప్పుడు ఎవరూ ఆమెను పలకరించరు. అలాగని ఇంట్లో ఎవరూ నియమం పెట్టలేదు. ఆ మొహం చూస్తే మనకే నోరు మూతపడుతుంది, అంతే. నేను ఒంగోలు వైపు పిల్లను. హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగానికి వచ్చి, అక్కడే పనిచేసే ఉద్దనపల్లి అబ్బాయిని చేసుకుని ఈ ఇంటి కోడలినయ్యాను. మా ఊళ్ళో దాన్ని బొబ్బట్టు అంటాం, హడావుడిగా రెండు తినేసి చెయ్యి కడుక్కుంటాం. ఈమె అలా కాదు. పండగనాడు కూడా తెల్లారేసరికి టమాటా తోటలో ఒక చుట్టు తిరిగొచ్చే మనిషి, తినే వేళకు మాత్రం కాళ్ళు చాపుకుని తీరిగ్గా కూర్చుంటుంది. వేడి ఒబ్బట్టు మీద నెయ్యి కరిగేదాకా ఆగుతుంది. ముందు అంచు కొరుకుతుంది. అంచు కరకరలాడాలి. ఆడకపోతే చేసినవాళ్ళకు, అంటే నాకు, అక్షింతలు పడతాయి. ఆ తరువాతే లోపలి పూర్ణం జోలికి వస్తుంది. తీపిని ఇంత గౌరవంగా తినే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

అలాంటి మనిషి ఆ ఉగాదినాడు అంచు వదిలేసి, ఒబ్బట్టును నడిమధ్య నుంచి తుంచుకుని తింటోంది. నాకు ఎక్కడో గుచ్చుకుంది.

"ఏం అత్తయ్యా, అంచు గట్టిపడిందా?" అని అడిగాను.

"లేదమ్మా, బాగుండాది. గమ్మున తిను నువ్వు," అంది.

అత్తయ్య నా వంటను తిట్టకుండా బాగుందని అందంటే ఏదో ఉందన్నమాటే. కానీ పండగ సందడి, వచ్చేపోయే జనం. ఆ మాట అక్కడితో మరిచిపోయాను.

మర్నాడు బట్టలు నానబెడుతుంటే ఆమె గంధం రంగు నూలు చీర చేతికొచ్చింది. కొంగు చివర చిన్న చిన్న ఎర్ర మరకలు. అవి ఎక్కడివో నాకు వెంటనే తట్టింది. పండగ పొద్దున మా పాప బెల్లం ముక్క కోసం వంటింట్లో మారాం చేస్తుంటే, అత్తయ్య అచ్చు బెల్లాన్ని కొంగులో చుట్టి, గుడ్డ మీది నుంచే కటుక్కున కొరికి, సగం పిల్లకిచ్చి సగం తాను నోట్లో వేసుకుంది. కాకెంగిలి. గుడ్డ అడ్డం ఉంటుంది కాబట్టి ఎంగిలి కాదని లెక్క. మా అమ్మమ్మ కూడా అలాగే పెట్టేది, ఆ మాటకొస్తే తెలుగువాళ్ళలో కాకెంగిలి తినకుండా పెరిగినవాళ్ళెవరు? కానీ గుడ్డకు నెత్తురు అంటడం నేను ఎప్పుడూ చూడలేదు.

తడి చీర అలాగే పట్టుకుని వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. "ఇదేంటి?"

"వక్కాకు మరకలే."

"వక్కాకు మీరు అన్నం తిన్నాక వేసుకుంటారు. పాపకు బెల్లం కొరికింది పొద్దున్నే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఈ పిల్ల పోలీసోళ్ళింట్లో పుట్టాల్సింది," అని పక్కింటావిడకు చెప్పినట్టు గోడకు చెప్పింది. నేను కదల్లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం చేతకాదు. గట్టిగా అడిగాను. చివరికి చెప్పింది. చిగుళ్ళ నుంచి నెత్తురు రావడం ఎప్పటి నుంచో ఉందట. బ్రష్ పెడితే ఎక్కువ వస్తోందని బ్రష్ మానేసిందట! ఎవరో చెబితే ఉప్పులో మెత్తటి ఇటుక పొడి కలిపి వేలితో రుద్దుతోందట.

"మరి ఇన్నాళ్ళూ మాకెవరికీ ఎందుకు కనపడలేదు?"

"వక్కాకు నమిలి ఎర్రంగా ఉమ్మితే యాడ ఆకు, యాడ రత్తం? నాకే తెలిసేది కాదు, మీకేం తెలస్తాది?"

అయ్యో రామా! తాంబూలం నోటికి మంచిదని, తీపి తిన్నాక నాలుగు ఆకులు వేసుకుంటే నోరు శుభ్రపడుతుందని ఈ ఊళ్ళో అందరూ అనుకుంటారు. ఆ ఎరుపు చాటునే ఆమె చిగుళ్ళు ఇన్నాళ్ళూ కారుతూ ఉన్నాయి. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఇటుక పొడితో గోడలు కడతారు అత్తయ్యా, పళ్ళు తోముకోరు!" అని అరిచాను. పాప బిక్కమొహం వేసుకుంది.

"అరవద్దమ్మా, పసిబిడ్డ జడుసుకుంటాది," అని ఆమె నెమ్మదిగా అంది. "కింద ముందరివి రెండు పండ్లు కదల్తా ఉండాయి. పోతే పోనీలే. వయసైనాక అందురికీ పోయేవే."

మాట తేలిగ్గానే అంది. కానీ నాలుక ఆ రెండు పళ్ళ దగ్గరే తిరుగుతోంది, పెదవి వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది.

హోసూరులో పళ్ళ డాక్టరు దగ్గరికి రానని వారం సాధించింది. పోయినవాళ్ళకల్లా పళ్ళు పీకేసి పంపిస్తారని ఆమె నమ్మకం. మా అత్తయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేనూ తక్కువ తిన్లేదు, ఆమె వస్తే తప్ప నేను ఆఫీసుకు వెళ్ళనని ఇంట్లో కూర్చున్నాను. కోడలి ఉద్యోగం పోతుందని భయపడి బయలుదేరింది. అది ఆమె మంచితనం, నా మొండితనం.

డాక్టరమ్మ ఈ జిల్లా మనిషే, ఇక్కడి తెలుగు బాగా వచ్చు. చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది. చిగుళ్ళు ఉబ్బి ఉన్నాయి, పళ్ళ మొదళ్ళలో గార రాయిలా గట్టిపడింది. షుగర్ ఉందేమో అని రక్తం పరీక్ష రాయించింది. అది లేదని తేలింది, దేవుడి దయ. కదిలే రెండు పళ్ళను వేలితో నొక్కి చూసి, ఏ దాపరికం లేకుండా చెప్పింది.

"గార తీసేస్తాను. ఆ పైన మీ చేతిలోనే ఉండాది అవ్వా. చిగురు గట్టిపడితే ఈ రెండూ నిలస్తాయి. పడకపోతే తీసేయాల్సిందే. దీపావళికి ముందర చూసి చెప్తాను."

అత్తయ్య అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. "తీపి మానేయాల్నా?"

"మానొద్దు. అన్నంతో పాటు తినండి, తిన్నాక నోరు బాగా పుక్కిలించండి. పొద్దంతా చప్పరిస్తా ఉండేది వద్దు. రెండు పూటలా మెత్తని బ్రష్షు. రత్తం వచ్చినా ఆపొద్దు, మురికి ఉంటేనే రత్తం వచ్చేది. ఆ వక్కాకు మాత్రం పూర్తిగా మానేయాల."

తీపి మానక్కర్లేదన్నప్పుడు వెలిగిన మొహం వక్కాకు మాట దగ్గర ఆరిపోయింది. అయినా సరేనని తలూపింది. ఆ రోజే గార తీయడం మొదలుపెట్టారు. కుర్చీ పిడులు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, కిక్కురుమనకుండా కూర్చుంది. ఉమ్మిన ప్రతిసారీ ఎరుపే. ఇది వక్కాకు కాదని ఆమెకూ తెలుసు.

తిరిగి రాయకోట బస్సులో వస్తుంటే, కిటికీ వైపు చూస్తూ తనంతట తానే మొదలుపెట్టింది.

"మా అమ్మకి ఒగటి తరువాత ఒగటి అన్నీ రాలిపోయినాయి. నాకంటే చిన్న వయసులోనే. పండగొస్తే ఒబ్బట్టుని పాలల్లో పిసికి గిన్నెలో పెడతా ఉంటిమి. పిసికేది నా పని. ఒగ ఉగాదికి చుట్టాలంతా వచ్చినారు, నేను మర్చిపోయినాను. అందురూ తినేసినారు. మా అమ్మ గోడకానుకుని గమ్మున కూసోనుండాది. అడగలేదమ్మా. నేను చూసేతలికి ఒబ్బట్లు అయిపోయినాయి."

ఆమె కొంగుతో పెదవులు ఒత్తుకుంది. చిగుళ్ళు ఇంకా మంటగా ఉన్నట్టున్నాయి.

"పండ్లు లేకపోతే పండగలో ఒకరు పెట్టేదాకా కూసోవాల. నాకి ఆ గిన్నె వద్దు. అంతే," అంది.

అప్పటిదాకా నేను రెండు పళ్ళ గురించే ఆలోచించాను. ఆమె భయమేమిటో ఆ బస్సులో తెలిసింది. ఆ రోజు నుంచి ఈ మనిషి చేసింది చూస్తే, నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

బ్రష్‌ను మొదట్లో పారలా పిడికిట్లో పట్టుకునేది. చిగురుకూ పంటికీ మధ్య ఏటవాలుగా పెట్టి చిన్నగా తిప్పమని డాక్టరమ్మ చూపించింది, అది చేతికి వచ్చేదాకా తొట్టి దగ్గర గోడకు అద్దం తగిలించుకుని సాధన చేసింది. పొద్దున ఒకసారి, అన్నం తిని పడుకోబోయే ముందు ఒకసారి. రక్తం కనబడినప్పుడల్లా ఆగి, నీళ్ళు పుక్కిలించి, మళ్ళీ మొదలుపెట్టేది. పళ్ళ సందుల్లోకి పోయే చిన్న బ్రష్ ఇంకొకటి ఇచ్చారు. దాన్ని చూసి, "దీంతో చీమలకి పండ్లు తోమచ్చు," అని నవ్వింది గానీ ఒక్క పూట కూడా మానలేదు. ఇటుక పొడి డబ్బా తీసుకెళ్ళి పెరట్లో బోర్లించింది.

గార పోయాక పళ్ళ మధ్య సందులు కనబడ్డాయి, చన్నీళ్ళు తాగితే జివ్వుమనేది. పక్కింటావిడకు అంతకంటే ఏం కావాలి! "క్లీనింగు చేపిస్తే పండ్లు వదులైపోతాయని నేను అప్పుడే అనుకున్నాను. ఆఫీసు కోడలు మాట ఇంటివి కదా, అనుభవించు," అని గడపలో నిలబడి దెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది.

"కలుపు తీసిన మడి కొన్నాళ్ళు బోసిగా కనపడదా యేమి? కలుపే పైరనుకుంటే ఎట్లమ్మా?"

పక్కింటావిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను ఆ మాటను ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పానో.

తీపి సంగతి ఇంకా బాగుంటుంది. అంతకు ముందు వేరుశనగ ఉండలు కొంగున కట్టుకుని తోటకు వెళ్ళేది, పని చేస్తూ చేస్తూ ఒకటి బుగ్గన పెట్టుకునేది, అది కరిగేలోపు ఇంకొకటి. ఇప్పుడు ఉండల డబ్బా పై అరలోకి పోయింది. మధ్యాహ్నం అన్నంతో పాటే దిగుతుంది. తిన్నాక చెంబు పట్టుకుని తొట్టి దగ్గర నిలబడుతుంది. ఇంట్లో ఒక్కరినీ వదలదు. పాప పుక్కిలించాలి, మా ఆయన పుక్కిలించాలి, నేను పుక్కిలించాలి. టమాటా లోడుకు వచ్చిన వ్యాన్ డ్రైవరు ఒకసారి మా ఇంట్లో భోంచేసి పాయసం తాగాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతుంటే, "యాడికప్పా, నోరు పుక్కిలించి పో," అని వెనక్కి పిలిచింది. అతను మా ఆయన వైపు దీనంగా చూశాడు. మా ఆయన చెంబు చేతికిచ్చాడు, ఇంకేం చేస్తాడు!

వక్కాకు మానడం మాత్రం ఆమెకు చాలా కష్టమైంది. అది చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆమెను మొండిమనిషి అని తేలిగ్గా అనడానికి నాకు నోరు రాదు. మొదటి రోజుల్లో ప్రతిదానికీ చిరాకే. పాలు పొంగితే నా తప్పు, వాన రాకపోతే నా తప్పు. ఒకరోజు ఆవుల కొట్టంలో గడ్డి వేయడానికి వెళ్ళి ఎంతకూ రాకపోతే చూడబోయాను. గోడవైపు తిరిగి నిలబడి, ఒక తమలపాకును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. నమలడం లేదు, నోట్లో పెట్టలేదు, ఉత్త వాసన. నన్ను చూసి దొంగలా ఆకు వెనక్కి దాచింది.

"వాసన చూడొద్దని డాక్టరమ్మ చెప్పలేదు గదా?" అని చిన్నపిల్లలా అడిగింది.

నవ్వాను, నవ్వుతూనే కళ్ళు తడిచాయి. ఆకును ఆవుకు పెట్టేసి ఇంట్లోకి వచ్చింది.

మామిడి కాలంలో కావేరిపట్టణంలో ఆమె తమ్ముడి ఇంటికి వెళ్ళాం. ఆ ఇంట్లో మామిడిపండ్ల కాలమంటే పండగే. గుజ్జు తీసి, బెల్లం, ఏలకుల పొడి, పాలు కలిపి సీకరణి చేస్తారు, దాంట్లో ఒబ్బట్టు నంచుకుని తింటారు. అత్తయ్య రెండు ఒబ్బట్లు, గిన్నె నిండా సీకరణి తృప్తిగా తింది. తినగానే లేచి, చేతిసంచీ నుంచి సందుల బ్రష్ తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి నడిచింది. పళ్ళ మధ్య పీచు ఉంటే ఆమె ఊరుకోదు. అక్కడ ఆమె మరదలు గిన్నెలు కడుగుతోంది.

"ఏం వదినా, పెండ్లికూతురు మాదిరి పండ్లు మెరిపిస్తా ఉండావు! ఎవురైనా చూసేదానికి వస్తా ఉండారా?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదమ్మా. నా నోరు ముందర బాగుచేసుకుంటాను, మీ ఊరి సంగతి తరువాత చూస్తాను."

పెరడంతా గొల్లుమంది. ఆ తరువాత తాంబూలం పళ్ళెం వచ్చింది. పుట్టింటివాళ్ళు ఇచ్చిన తాంబూలం కాదనకూడదు, అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. అత్తయ్య రెండు చేతులతో తీసుకుని, కళ్ళకద్దుకుని, కొంగున ముడివేసుకుంది. నోటి దాకా పోనీయలేదు. మరదలికీ నొప్పి కలగలేదు, మాటా తప్పలేదు. నాలాంటిదైతే అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టి పండగ పాడుచేసేది. పెద్దరికం అంటే ఏమిటో నాకు ఆ పెరట్లోనే అర్థమైంది.

వినాయకచవితికి కడుబులు, అంటే మా వైపు కుడుములు, తిన్నాం, నోళ్ళు పుక్కిలించాం. అప్పటికి బ్రష్ మీద ఎరుపు కనబడడం మానేసింది. కానీ ఆ రెండు పళ్ళ గురించి ఆమె ఏమీ అనేది కాదు, నేనూ అడగలేదు. ఒక్కోసారి అద్దం ముందు వేలితో వాటిని తాకి, గబుక్కున తీసేసేది. కదులుతున్నాయో లేదో తెలుసుకోవడానికే భయం.

దీపావళికి ఈ వైపు కజ్జాయాలు చేస్తారు, మా ఊళ్ళో అరిసెలంటాం. బియ్యం నానబోసి, దంచి, పాకం పట్టి, పిండి ముందే కలిపి పెట్టుకోవాలి. అత్తయ్య బియ్యం కొలవబోయి చేట పక్కన పెట్టేసింది.

"ముందు హోసూరికి పోయొస్తాం రామ్మా. పండ్లు తీసేసేదయితే నేను ఈ తూరి పాకం పట్టను. చేసి పెట్టి చూస్తా కూసోలేను."

నేను ధైర్యం చెబుదామనుకున్నాను. డాక్టరమ్మ ఏమంటుందో నాకు మాత్రం ఏం తెలుసు? సెలవు పెట్టి వెంట వెళ్ళాను.

డాక్టరమ్మ అద్దం పెట్టి చూసింది. చిగుళ్ళ చుట్టూ సన్నని కడ్డీతో కొలిచింది. ఆ రెండు పళ్ళను ఒకదాని తరువాత ఒకటి నొక్కింది, మళ్ళీ నొక్కింది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగబడ్డాయి.

"నిలిచినాయి అవ్వా. కిందికి జారిన చిగురు మళ్ళీ పైకి రాదు, ఈ రెండూ రొంత పొడుగ్గా కనపడతాయి. ఒగటి ఇంకా రవ్వంత కదులుతాది. కానీ తీసే పని లేదు. ఇదే మాదిరి చూసుకోండి, నా దగ్గరికి వస్తా ఉండండి."

"కజ్జాయం కొరకచ్చునా?"

"పక్క పండ్లతో కొరకండి. బాగా కొరకండి," అని డాక్టరమ్మ నవ్వింది.

అత్తయ్య నవ్వలేదు. దండం పెట్టి బయటికొచ్చి, మెట్ల మీద కూలబడింది. రోడ్డు మీద పటాసుల దుకాణాల ముందు జనం, ఆటోల రొద. సంతోషం పట్టలేక కూర్చుందనుకుని పక్కన చేరి నీళ్ళ సీసా ఇచ్చాను. తాగలేదు.

"ఇంతేనా అమ్మా?" అని అడిగింది.

"ఏది అత్తయ్యా?"

"ఆ గార తీసేది, మెత్తని బ్రష్షు పెట్టేది, ఆకు మానేది. ఇంతేనా?"

"ఇంతే అత్తయ్యా. మీరు చేశారు, నిలబడ్డాయి."

ఆమె నీళ్ళ సీసా మెట్టు మీద పెట్టింది. తరువాత నా భుజం మీద తల ఆనించి, నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, వెక్కి వెక్కి ఏడ్చింది.

"మా అమ్మకి ఎవురూ చెప్పలేదు గదమ్మా," అంది.